మలబద్ధకం మందులు: ఏ డబ్బా ఎవరికి నప్పుతుంది, ఎక్కడ తేడా కొడుతుంది

"వాడి చూశాను, పని చేయలేదు." మలబద్ధకానికి అమ్మే పొడులు, సిరప్‌లు, మాత్రల గురించి ఎక్కువగా వినిపించే మాట ఇదే. చాలాసార్లు తప్పు మందుది కాదు. ఇసబ్గోల్ పొట్టును రెండు గుక్కల నీళ్లతో మింగి ఊరుకున్నవారు ఉంటారు. రెండు మూడు రోజులకు గానీ పని చేయని పొడిని ఒక్క పూట చూసి పక్కన పెట్టేసినవారు ఉంటారు. పాలతో వేసుకోకూడని మాత్రను పాలతోనే వేసుకున్నవారూ ఉంటారు. ఇంకొందరికి అసలు ఇబ్బంది మలం గట్టిపడటంలో లేదు, అది బయటికి వచ్చే దారి సరిగ్గా తెరుచుకోకపోవడంలో ఉంది. వాళ్లు ఎన్ని డబ్బాలు మార్చినా ఫలితం ఒకటే. అందుకే ఈ రివ్యూలో డబ్బా మీది పేరును వదిలేసి లోపలున్న మందును పట్టుకున్నాం. ఏ లక్షణానికి ఏది నప్పుతుంది, ఎంత వేసుకోవాలి, ఎప్పటికి పని చేస్తుంది, ఎందుకు విఫలమవుతుంది అన్నవే చూశాం. మోతాదులన్నీ పెద్దవాళ్లవి. పిల్లల లెక్క వేరు, గర్భిణులు ఏది మొదలుపెట్టినా డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి.

కొనేముందు: ఉన్నది మలబద్ధకమేనా?

పెద్దవాళ్లలో ప్రతి 100 మందిలో సుమారు 16 మందికి మలబద్ధకం లక్షణాలు ఉంటాయి. 60 ఏళ్లు దాటినవారిలో ఆ సంఖ్య 33 దాకా వెళ్తుంది, అంటే ముగ్గురిలో ఒకరు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు అయ్యాక ఇంకా ఎక్కువ. తక్కువ తినేవాళ్లు, కదలిక తగ్గినవాళ్లు, మంచాన పడ్డవాళ్లు, రోజూ నాలుగైదు రకాల మాత్రలు వేసుకునేవాళ్లు దీని బారిన త్వరగా పడతారు. ఇంతమందికి ఉన్నా నోరు విప్పి చెప్పేవాళ్లు తక్కువ. నెలల తరబడి లోలోపల బాధపడి, చివరికి ఎవరినీ అడగకుండా ఏదో ఒక డబ్బా కొనుక్కుంటారు. దగ్గు మందు అడిగినంత మామూలుగా దీని గురించి కూడా అడగవచ్చు. అడిగితేనే సరైన మందు చేతికొస్తుంది.

"రోజూ అవ్వకపోతే మలబద్ధకమే" అన్న నమ్మకం చాలామందిలో పాతుకుపోయి ఉంది. మలం మెత్తగా, ఇబ్బంది లేకుండా వస్తున్నంత కాలం రోజుకు మూడుసార్లయినా, వారానికి మూడుసార్లయినా మామూలే. రోజు విడిచి రోజు సుఖంగా అయ్యేవారికి ఏ మందూ అక్కర్లేదు. అలాగే రోజూ వెళ్తున్నవారికి మలబద్ధకం లేదనీ అనుకోకూడదు. పది నిమిషాలు కూర్చుని ముక్కితే మేకపెంటికల్లాంటి నాలుగు ఉండలు రాలతాయి. లేచి వచ్చాక కూడా లోపల ఇంకా ఉండిపోయినట్టే ఉంటుంది. గంట తిరక్కుండా మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే ఏమీ రాదు. లెక్కకు రోజూ అవుతున్నట్టే, కానీ ఇది అచ్చమైన మలబద్ధకం.

వైద్యులు దీన్ని తేల్చడానికి వాడే రోమ్ 4 ప్రమాణాలు 2016లో వచ్చాయి. అవి ఆరు విషయాలు చూస్తాయి. ముక్కాల్సి రావడం, మలం గట్టిగా ఉండలుగా రావడం, పూర్తిగా అవ్వలేదనిపించడం, మలద్వారం దగ్గర అడ్డుపడినట్టు ఉండటం, వేలితో తీయాల్సి రావడం లేదా కింద చేత్తో నొక్కిపట్టాల్సి రావడం, వారానికి మూడుసార్ల కంటే తక్కువ అవ్వడం. మొదటి ఐదు లక్షణాలూ నాలుగుసార్లలో ఒకసారి కంటే ఎక్కువగా కనిపిస్తేనే లెక్కలోకి వస్తాయి. ఆరింటిలో కనీసం రెండు గత 3 నెలలుగా ఉండి, ఇబ్బంది మొదలై 6 నెలలు దాటి ఉంటే దాన్ని దీర్ఘకాలిక మలబద్ధకం అంటారు. పొట్ట ఉబ్బరం, ఆకలి మందగించడం, కడుపులో బరువు కూడా తోడవుతాయి గానీ వాటినిబట్టి మాత్రమే తేల్చరు.

ఈ ఆరింటిలో మీకున్నవి ఏవో తెలిస్తే ఏ డబ్బా కొనాలో సగం తేలిపోతుంది. మిగతా సగం బ్రిస్టల్ పట్టిక చెబుతుంది. 1997లో బ్రిస్టల్ వైద్యులు వెలువరించిన ఈ పట్టికలో మలం రూపాన్ని ఏడు రకాలుగా విడదీశారు. 1 అంటే విడివిడి గట్టి ఉండలు. 2 అంటే ఉండలన్నీ అతుక్కున్న గడ్డలాంటి కడ్డీ. 3 అంటే పైన పగుళ్లున్నది, 4 అంటే నున్నగా మెత్తగా ఉన్నది. 5 అంటే మెత్తటి ముక్కలు, 6 ముద్దముద్దగా, 7 పూర్తిగా నీళ్లు. 3, 4 దగ్గర ఉంటే బాగున్నట్టే. ఒక వారం పాటు రోజూ తేదీ, అంకె, ముక్కాల్సి వచ్చిందా లేదా అన్నది రాసుకోండి. 1, 2 ఎక్కువగా కనిపిస్తే మలాన్ని మెత్తబరిచే మందులు పని చేస్తాయి. అంకె 4 దగ్గరే ఉన్నా గంటసేపు ముక్కాల్సి వస్తుంటే సమస్య మలంలో లేదు. ఆ సంగతికి కింద మళ్లీ వస్తాం.

ఇంకొక్క పని కూడా చేయాలి. ఇంట్లో ఇప్పటికే వేసుకుంటున్న మాత్రలన్నీ బల్ల మీద పెట్టి చూడండి. ఐరన్ మాత్రలు, కాల్షియం లేదా అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, కోడీన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, రక్తపోటుకు ఇచ్చే వెరపమిల్, కుంగుబాటుకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, నిద్రమత్తు తెచ్చే జలుబు మాత్రలు, ఇవన్నీ పేగు కదలికను మందగింపజేస్తాయి లేదా మలాన్ని గట్టిపరుస్తాయి. వీటిలో ఒకటి మొదలైన వారం పది రోజుల్లోనే మలబద్ధకం కూడా మొదలై ఉంటే ముందు ఆ మందు రాసిన డాక్టర్‌తో మాట్లాడాలి. మీ అంతట మీరు దాన్ని ఆపేయవద్దు. థైరాయిడ్ తగ్గడం, మధుమేహం, రక్తంలో కాల్షియం పెరగడం, పార్కిన్సన్స్ కూడా ఇలాగే బయటపడుతుంటాయి.

ఇసబ్గోల్ పొట్టు: మంచిదే, నీళ్లుంటే

ప్లాంటాగో ఒవాటా అనే మొక్క గింజల మీది పొట్టు ఇది. ఇందులోని పీచు నీళ్లు పీల్చుకుని జిగురుగా మారుతుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఈ జిగురును పెద్దగా కరిగించలేవు, అందుకే అది చివరి దాకా నీటిని పట్టుకునే వెళ్తుంది. మలం మెత్తబడటం, పరిమాణం పెరగడం రెండూ ఒకేసారి జరుగుతాయి. పీచుల్లో మలబద్ధకానికి అన్నిటికంటే నమ్మదగింది ఇదే.

240 మి.లీ. నీళ్లున్న గ్లాసులో ఒక చెంచా పొట్టు వేసి చూస్తే దీని మంచీ చెడూ రెండూ కంటికే కనిపిస్తాయి. కలపగానే తెల్లటి పొరలు పైకి తేలి నీళ్లతోపాటు గిరగిరా తిరుగుతాయి. నిమిషం దాటేసరికి అవి పారదర్శకంగా మారి నీళ్లు చిక్కబడటం మొదలవుతుంది. ఐదు నిమిషాలు వదిలేస్తే చెంచాకు అంటుకుని సాగే జిగురవుతుంది. కడుపులో జరిగేదీ ఇదే. నీళ్లు చాలకపోతే ఈ జిగురు గొంతులోనే, అన్నవాహికలోనే ముద్దకట్టి అడ్డం పడవచ్చు. అందుకే డబ్బా మీద ఉక్కిరిబిక్కిరి హెచ్చరిక ఉంటుంది. దాన్ని అలంకారం అనుకోవద్దు. పొడిని నోట్లో వేసుకుని పైన నీళ్లు తాగే అలవాటు చాలా ప్రమాదం. కలిపిన వెంటనే, ఇంకా పలచగా ఉండగానే తాగేసి, అదే గ్లాసులో ఇంకో గ్లాసు నీళ్లు పోసుకుని తాగాలి. తాగాక వెంటనే పడుకోకూడదు.

మోతాదు రోజుకు 3 నుంచి 5 గ్రాములతో మొదలుపెట్టి, వారానికో మెట్టు చొప్పున 10 గ్రాముల దాకా పెంచుకోవచ్చు. మొదటి రోజే నిండు మోతాదు వేసుకున్నవారు ఉబ్బరంతో మూడో రోజుకే మానేస్తారు. చెంచా లెక్కను నమ్ముకుంటే ఒక చిక్కుంది. పొట్టు తేలిక, మెత్తగా దంచిన పొడి బరువు. ఒకే చెంచాలో పట్టే గ్రాములు డబ్బాకూ డబ్బాకూ మారిపోతాయి. లేబుల్ మీద చెంచాకు ఎన్ని గ్రాములో చూసుకోవాలి. రుచి, రంగు కలిపిన రకాల్లో చక్కెర గణనీయంగా ఉండొచ్చు, మధుమేహం ఉన్నవారు ఆ వరుస చదవకుండా కొనకూడదు. మా మాటైతే సాదా పొట్టే మేలు. డబ్బాలోంచి పోసేటప్పుడు లేచే దుమ్మును పీల్చకండి, కొందరికి దానితో అలర్జీ వస్తుంది.

పని చేయడానికి 12 నుంచి 72 గంటలు పడుతుంది. అసలు గుణం తెలియాలంటే రెండు మూడు వారాలు ఆగకుండా వాడాలి. ఇతర మందులకూ దీనికీ కనీసం 2 గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఆ మందులు జిగురులో చిక్కుకుని ఒంటికి సరిగా పట్టవు.

ఎవరికి వద్దంటే, మింగడం కష్టంగా ఉన్నవారికి, పేగు ఎక్కడైనా ఇరుకైందని తెలిసినవారికి, రోజుకు తాగే నీళ్ల మీద డాక్టర్ పరిమితి పెట్టినవారికి, మలం ఇప్పటికే గడ్డకట్టి అడ్డుపడినవారికి. ఆగిపోయిన కాలువలోకి ఇంకా మట్టి వేసినట్టవుతుంది. పేగు కదలికే బాగా మందగించినవారికి కూడా దీనితో ఉబ్బరం పెరుగుతుందే తప్ప మోషన్ కాదు. నీళ్లు సరిగా తాగుతూ మూడు వారాలు వాడినా మార్పు లేకపోతే మోతాదు పెంచవద్దు, మందు మార్చండి.

పాలీఇథిలీన్ గ్లైకాల్ 3350 పొడి: మా మొదటి ఓటు దీనికే

పెగ్ అని పిలిచే ఈ పొడి పేగులోకి నీటిని లాగి పట్టుకుంటుంది. అంతే, అంతకుమించి ఏమీ చేయదు. ఒంటికి దాదాపు పట్టదు. సూక్ష్మజీవులు దీన్ని పులియబెట్టలేవు కాబట్టి గ్యాస్ తక్కువ. 2023లో అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాలు రెండూ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక మలబద్ధకానికి దీన్ని గట్టిగా సిఫారసు చేశాయి. పీచుకు, కింద వచ్చే లాక్టులోజ్‌కు, సెన్నాకు అక్కడ దక్కింది షరతులతో కూడిన సిఫారసు మాత్రమే.

మోతాదు రోజుకోసారి 17 గ్రాములు, 120 నుంచి 240 మి.లీ. నీళ్లలో. మూతలోనే 17 గ్రాములకు గీత ఉన్న డబ్బాలు వస్తాయి. ఆ గీత దాకా పొడి పోసి, మూతను నేల మీద రెండుసార్లు తట్టి మట్టం చూసుకోవాలి, లేకపోతే కొలత ఎక్కువతక్కువలవుతుంది. బాగా కలిపితే నీళ్లు తేటగానే ఉంటాయి, అడుగున ఇసుకలాంటిది మిగిలితే ఇంకా కలపాలి. సాదా రకానికి రుచి దాదాపు లేదు. లవణాలు కలిపిన సాచెట్ల రకం కొంచెం ఉప్పగా ఉంటుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఏ రకమో అడిగి తీసుకోవాలి.

దీని గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం తొందరపాటే. ఇది రాత్రి వేసుకుంటే తెల్లారి పని చేసే మందు కాదు. 1 నుంచి 3 రోజులు పడుతుంది, కొందరికి నాలుగో రోజుకు పట్టు దొరుకుతుంది. రెండో రోజుకే విసిగి మోతాదు రెట్టింపు చేసినవారికి నాలుగో రోజున రెండూ కలిసి నీళ్ల విరేచనాలవుతాయి, అప్పుడు "ఇది పడలేదు" అని మానేస్తారు. సరైన పద్ధతి వేరు. ఒకే మోతాదు నాలుగు రోజులు వాడి, ఐదో రోజున బ్రిస్టల్ అంకె చూడాలి. 6, 7 వస్తుంటే సగం మోతాదు లేదా రోజు విడిచి రోజు. ఇంకా 1, 2 దగ్గరే ఉంటే డాక్టర్‌ను అడిగి పెంచాలి. సొంతంగా కొన్నవారికి లేబుల్ 7 రోజులే చెబుతుంది. అంతకుమించి అవసరమైతే డాక్టర్ చూపులో వాడాలన్నది దాని ఉద్దేశం, ఎనిమిదో రోజున అది విషమైపోతుందని కాదు. నెలల తరబడి వాడేవారూ ఉన్నారు.

రెండు జాగ్రత్తలు. కొలనోస్కోపీకి (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు) ముందు పేగు కడగడానికి ఇచ్చే పెద్ద ప్యాకెట్లలోనూ ఇదే మందు ఉంటుంది, కానీ అవి లీటర్ల కొద్దీ నీళ్లలో కలిపి తాగేవి. రోజువారీ డబ్బా బదులు అది ఇంటికి తెచ్చుకోవద్దు. రెండోది పెద్దవయసువారిని చూసుకునే ప్రతివారికీ తెలియాలి. మింగడం కష్టమైనవారికి నీళ్లను చిక్కబరచడానికి పిండి ఆధారిత పొడి కలుపుతుంటారు. అందులో పెగ్ వేస్తే చిక్కదనం విరిగిపోయి నీళ్లు పలచబడతాయి. ఆ పలచటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

లాక్టులోజ్ సిరప్: నెమ్మదస్తుడు, కాస్త గ్యాస్ పెడతాడు

చిన్నపేగు అరిగించుకోలేని చక్కెర ఇది. పెద్దపేగుకు చేరాక సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, ఆ ఆమ్లాలు నీటిని లాగుతాయి. పులియబెట్టడం అంటే గ్యాస్ తప్పదు. ఎక్కువమంది మానేసేది ఇందుకే. 15 మి.లీ.లో సుమారు 10 గ్రాముల మందు ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 15 నుంచి 30 మి.లీ. వాడతారు. మొదటి మూడు నాలుగు రోజులు 10 మి.లీ.తో సరిపెట్టుకుని పెంచితే ఉబ్బరం తట్టుకోవచ్చు, చాలామందికి వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుంది. పని మొదలవడానికి 24 నుంచి 48 గంటలు.

తియ్యదనం మొహం మొత్తేంత ఉంటుంది. గ్లాసు నీళ్లలో కలిపి తాగొచ్చు, గుణం తగ్గదు. వాడిన ప్రతిసారీ సీసా మూతి తడిగుడ్డతో తుడవకపోతే చక్కెర గడ్డకట్టి మూత బిగుసుకుపోతుంది, కొలత కప్పు కూడా జిగటపట్టి తర్వాతి కొలత తప్పుతుంది. సిరప్‌లో గెలాక్టోజ్, లాక్టోజ్ కొద్దిగా ఉంటాయి కాబట్టి గెలాక్టోసీమియా (గెలాక్టోజ్‌ను ఒళ్లు వాడుకోలేని పుట్టుజబ్బు) ఉన్నవారికి పనికిరాదు, మధుమేహం ఉన్నవారు పెద్ద మోతాదుల్లో వాడాల్సి వస్తే డాక్టర్‌కు చెప్పి వాడాలి. పెగ్ దొరికే చోట మేం దీన్ని రెండో వరుసలోనే పెడతాం. కాలేయం జబ్బువారికి మెదడు మీద ప్రభావం పడకుండా ఇదే సిరప్ ఇస్తారు. అక్కడ దీని విలువ వేరు, మోతాదూ వేరు. ఆ రోగులు గ్యాస్ వస్తోందని సొంతంగా ఆపకూడదు.

రాత్రి మాత్రలు: బిసకోడిల్, సోడియం పికోసల్ఫేట్, సెన్నా

ఇవి పేగు గోడను నేరుగా కదిలిస్తాయి. పైవన్నీ మలాన్ని మెత్తబరిస్తే ఇవి నెట్టుతాయి. రాత్రి పడుకునేముందు వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో, అంటే తెల్లవారేసరికి పని అవుతుంది. ఎవరికైనా నచ్చేది ఇదే, అతిగా వాడేదీ ఇదే.

బిసకోడిల్ 5 మి.గ్రా. మాత్రకు పైన ఒక పూత ఉంటుంది. కడుపులో కరగకుండా పేగులో కరగడానికే ఆ పూత. మాత్రను నమిలినా, విరిచినా, పొడి చేసినా, పాలతోనో యాంటాసిడ్‌తోనో వేసుకున్నా పూత ముందే కరిగి కడుపులో మంట, మెలిపెట్టే నొప్పి వస్తాయి. పాలకూ మాత్రకూ గంట ఎడం ఉంచాలి. మొదట ఒక్క మాత్రే, అంటే 5 మి.గ్రా. అది చాలకపోతే మర్నాడు రాత్రి రెండు. పొద్దున ఎనిమిదికి కాలేదని ఇంకొకటి వేసుకుంటే మధ్యాహ్నం వరకూ బాత్రూమ్ విడవలేరు.

వీటిని మేం సిఫారసు చేసేది రెండు సందర్భాలకే. రోజూ పెగ్ గానీ పొట్టు గానీ వాడుతున్నా రెండు మూడు రోజులు అస్సలు కానప్పుడు ఆపద్ధర్మంగా, లేదా డాక్టర్ చెప్పిన కొద్ది వారాలకు. బిసకోడిల్, పికోసల్ఫేట్‌లకు 2023 మార్గదర్శకాల సిఫారసు కూడా గట్టిదే గానీ 4 వారాలలోపు వాడకానికే. మామూలు మోతాదులో ఇవి పేగు నరాలను పాడు చేస్తాయన్న భయానికి గట్టి ఆధారం లేదు. అయినా ఆ భయం పోగొట్టినంత మాత్రాన రోజూ వేసుకోమని కాదు. సెన్నాతో మూత్రం ఎర్రగా గోధుమరంగులోకి మారవచ్చు, దీర్ఘకాలం వాడితే పేగు లోపలి పొర నల్లబడుతుంది. రెండూ మందు మానితే పోతాయి.

ఈ మందులు బాగా పని చేసిన మర్నాడు మోషన్ అవ్వదు. ఇది తెలియకపోవడమే అతివాడకానికి దారి. పేగు ఖాళీ అయ్యాక మళ్లీ నిండడానికి రెండు రోజులు పట్టడం సహజం. ఆ రెండు రోజులు "మళ్లీ కట్టుకుంది" అనుకుని ఇంకో మాత్ర, దాని తర్వాత ఇంకొకటి. అలవాటు పడింది పేగు కాదు, లెక్క తప్పింది. మాత్ర పని చేశాక రెండు రోజులు ఓపిక పట్టండి.

"సహజమైనది", "మూలికలతో చేసినది" అని అమ్మే విరేచన పొడుల్లోనూ, సన్నబడే టీల్లోనూ చాలావాటిలో ఉండేది సెన్నా ఆకే. పదార్థాల వరుసలో ఆ పేరుంటే అది కూడా రాత్రి మాత్రే, దానికీ ఇవే నియమాలు. ఎన్ని మి.గ్రా. అన్నది రాయని డబ్బా అయితే మేం కొనవద్దంటాం. కొలత తెలియని మందుకు మోతాదు ఉండదు.

మిగతావి, క్లుప్తంగా

మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అనే తెల్లటి ద్రావణం అరగంట నుంచి 6 గంటల్లో పని చేస్తుంది. ఎప్పుడో ఒకసారికి బాగుంటుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో మెగ్నీషియం రక్తంలో పేరుకుపోతుంది, వారు ముట్టుకోకూడదు. థైరాయిడ్ మాత్రలతోనూ కొన్ని యాంటీబయాటిక్‌లతోనూ కలిపి వేసుకోకూడదు.

లిక్విడ్ పారాఫిన్ మలానికి నూనె పూసినట్టు జారేలా చేస్తుంది. పడుకునేముందు తాగితే గొంతు జారి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసే ప్రమాదం ఉంది, ముసలివారిలో మరీను. ఎక్కువకాలం వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు, లోదుస్తులకు నూనె మరకలూ తప్పవు. పారాఫిన్, మెగ్నీషియం, పికోసల్ఫేట్ మూడూ కలిపిన సిరప్‌లు కూడా ఉంటాయి, కాబట్టి లేబుల్ చదవకుండా పక్కన ఇంకో మాత్ర వేసుకోవద్దు. డోక్యుసేట్ విషయానికొస్తే, మలాన్ని మెత్తబరుస్తుందని ఏళ్ల తరబడి రాస్తున్నారు గానీ ఆధారాలు బలహీనం. దాని మీద డబ్బు పెట్టమని చెప్పలేం.

మలద్వారంలో పెట్టే గ్లిజరిన్ లేదా బిసకోడిల్ సపోజిటరీలు 15 నుంచి 60 నిమిషాల్లో పని చేస్తాయి. మలం కిందిదాకా వచ్చి ఆగిపోయినప్పుడు నోటి మాత్ర కంటే ఇవే మేలు. రేకు విప్పి, నీళ్లతో తడిపి, ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకుని, వేలి పొడవున లోపలికి పంపి పేగు గోడకు ఆనేలా పెట్టాలి. నేరుగా మలం గడ్డలోకి గుచ్చితే మందు గోడకు తగలదు, పని చేయదు. పెట్టిన రెండో నిమిషంలోనే లేచి వెళ్తే సపోజిటరీ ఒక్కటే బయటికి వస్తుంది. 15 నిమిషాలైనా పట్టి ఉంచాలి.

మలద్వారం గుండా లోపలికి పంపే సోడియం ఫాస్ఫేట్ ద్రావణం, అంటే ఎనిమా విషయంలో గట్టిగా చెప్పాల్సి ఉంది. 24 గంటల్లో ఒకటి మించకూడదు. ఒకటి పెట్టాక ఏమీ బయటికి రాకపోతే రెండోది పెట్టవద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. లోపలే ఉండిపోయిన ద్రావణం రక్తంలోని లవణాలను తారుమారు చేసి మూత్రపిండాలనూ గుండెనూ దెబ్బతీస్తుంది. 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా. వృద్ధులు, ఒంట్లో నీళ్లు తగ్గినవారు, మూత్రపిండాల జబ్బులున్నవారు, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా దీని జోలికి పోవద్దు.

ఈ వరుసలో మందు కాని వస్తువు ఒకటుంది: కాళ్ల కింద వేసుకునే పీట. కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాలు 15 నుంచి 20 సెం.మీ. ఎత్తున ఉండేలా పెట్టి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగాలి. మలద్వారం పైన వంపు తిప్పి పట్టి ఉంచే కండరం ఉంటుంది, మోకాళ్లు నడుము కంటే పైకి లేస్తే అది వదులై వంపు సాఫీ అవుతుంది. ప్రత్యేకంగా చేసిన పీటకూ, అదే ఎత్తున్న మామూలు చెక్క పీటకూ గుణంలో తేడా లేదు. జారకుండా ఉంటే చాలు. పొద్దున తిన్న అరగంటలోపు పెద్దపేగు సహజంగానే కదులుతుంది, ఆ వేళకు అయిదు పది నిమిషాలు కేటాయించి కూర్చోవడం ఏ డబ్బాతోనూ రాని మేలు. ఫోన్ పట్టుకుని అరగంట కూర్చుంటే మాత్రం మొలలకు దారి.

ఏ డబ్బా పని చేయని మలబద్ధకం

మలం మెత్తగానే ఉంది, పెగ్ వాడితే నీళ్లలా కూడా అవుతోంది, అయినా ముక్కనిదే రావడం లేదు, వేలితో సాయం చేయాల్సి వస్తోంది. ఇలా ఉంటే కటి కండరాలు (మలద్వారం చుట్టూ, పొత్తికడుపు అడుగున ఉండేవి) తిరగబడి పని చేస్తున్నాయేమో చూడాలి. ముక్కినప్పుడు వదులు కావాల్సిన కండరాలు బిగుసుకుంటాయి. తలుపును బయటికి నెడుతూ లోపల గడియ పెట్టుకున్నట్టు ఉంటుంది. దీన్ని తేల్చే పరీక్ష సులువు. 50 మి.లీ. నీళ్లు నింపిన చిన్న బెలూన్‌ను పేగు చివర ఉంచి, సాధారణంగా ఒక నిమిషంలో బయటికి నెట్టగలరా అని చూస్తారు, దీనితోపాటు కండరాల ఒత్తిడినీ కొలుస్తారు. చికిత్స మందు కాదు, బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ. తెర మీద తమ కండరాల కదలిక చూసుకుంటూ వదులు చేయడం నేర్చుకుంటారు. పేరు తెలియక ఏళ్ల తరబడి మాత్రలు మింగేవారు వీరిలోనే ఎక్కువ, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

పేగు కదలికే మందగించినవారికి డాక్టర్ రాసే ప్రుకలోప్రైడ్, లినాక్లోటైడ్ లాంటి మందులున్నాయి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ లాంటివి వాడేవారికి పొట్టు పనికిరాదు. మార్ఫిన్ మొదలైన రోజే విరేచన మందు కూడా మొదలవ్వాలి, అది రాయకపోతే అడిగి రాయించుకోవాలి.

మంచాన ఉన్న పెద్దవారికి వారం నుంచి మోషన్ లేక, ఉన్నట్టుండి నీళ్లలా కొద్దికొద్దిగా కారడం మొదలైతే దాన్ని విరేచనాలనుకోవద్దు. గడ్డకట్టిన మలం అడ్డుపడి, దాని పక్క నుంచి నీళ్లు జారుతూ ఉండొచ్చు. అప్పుడు విరేచనాలు కట్టే మాత్ర ఇస్తే గడ్డ ఇంకా బిగుస్తుంది. ముందు డాక్టర్ గానీ నర్సు గానీ వేలితో పరీక్షించాలి.

మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనత బయటపడినా, 50 దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా, మలం ఉన్నట్టుండి సన్నబడి అలాగే ఉండిపోయినా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా మందు కొనడం కంటే ముందు పరీక్ష చేయించుకోవాలి. పొట్ట ఉబ్బిపోయి, తీవ్రంగా నొప్పి పుడుతూ, వాంతులవుతూ, గ్యాస్ కూడా బయటికి పోవడం లేదంటే పేగు మూసుకుపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు పైన చెప్పిన వాటిలో ఏ సీసా మూతా తీయవద్దు, నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.